దౌలత్ బీ తెచ్చిన దట్టీ

పోయిన వారం ఉరుకుందును మనం పత్తికొండ రోడ్డు మీది అతని పంచరు అంగట్లో వదిలేసి వచ్చాం. ముందర సగం ఊడదీసిన ట్రాక్టరు టైరు, చేతిలో ఇనుప కడ్డీ. ఆ కడ్డీతో ఏం చేయాలో మరిచిపోయినట్టు నిలబడిపోయాడు పాపం. ఎందుకంటే రోడ్డుకు అవతల దౌలత్ బీ కనబడింది. బస్సు పోయేదాకా ఆగి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, చంకలో తెల్లగుడ్డ మూట పెట్టుకుని ఆమె ఇటే వస్తోంది.

కథ ఈ వారమే మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్లు ఈ లోపల కాఫీ కలుపుకోండి. ఉరుకుందు ఒకప్పుడు టమోటా బండి డ్రైవరు. ఒక రోజు తప్పతాగి బండి నడిపాడు. బండి బోల్తా పడి, పక్కన కూర్చున్న స్నేహితుడు రబ్బానీ చచ్చిపోయాడు. ఆ రబ్బానీ తల్లే దౌలత్ బీ. ఉరుకుందు కడప జైలుకు పోయి, శిక్ష తీరి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి చుక్క ముట్టలేదు, స్టీరింగు పట్టలేదు.

ఇక రెండో సంగతి. వాళ్ల ఊరు బురుజుకొట్టాలలో పెద్ద పీరును ఎత్తే వంతు రబ్బానీ ఇంటివాళ్లది, తాతల నాటిది. మొహర్రం నెలవంక కనబడిన రోజు నుంచి పీర్ల ఊరేగింపు, అంటే సవారీ, ముగిసేదాకా పీరు ఎత్తేవాడు మెడలో ఫకీరు దారం వేసుకుని నిష్ఠగా ఉండాలి, మందు వాసన కూడా చూడకూడదు. రబ్బానీ చచ్చిపోయింది ఆ దారం మెడలో ఉండగానే. శవానికి స్నానం చేయించినప్పుడు నోట్లో మందు వాసన వచ్చింది. ఇద్దరమూ కలిసి తాగామని ఉరుకుందు పోలీసులకు చెప్పాడు. ఊరు ఆ రెండు మాటలూ కలిపి ముడేసి, పీరును మైల చేశారని ఆ ఇంటి నుంచి వంతు తీసేసింది. అప్పటి నుంచి పెద్ద పీరును చావిడిలో కూర్చోబెట్టడమే గానీ ఎత్తింది లేదు. ఈ ఏడాది పెద్దలు కూర్చుని, పెద్ద పీరును మారిన మనిషి ఎత్తితే ఊరికి మంచిదని తేల్చారు. మారిన మనిషంటే ఊరికంతా ఒక్క ఉరుకుందే.

ఈ సీమలో పీరు ముందు నువ్వే మతంవాడివని ఎవరూ అడగరు. కాబట్టి దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పాల్సినవాడు ఉరుకుందు. వాడికేమో నోరు పెగల్లేదు.

అదీ సంగతి. ఇప్పుడు దౌలత్ బీ రోడ్డు దాటేసింది.

"ఏం నాయనా, కూర్చోమనవా?" అంది అంగడి ముందు నిలబడి.

ఉరుకుందు తేరుకున్నాడు. స్టూలు మీద ఉన్న పాత ట్యూబులు కింద పడేసి, భుజం మీది తువ్వాలుతో నాలుగైదుసార్లు తుడిచాడు. అది ఎంత తుడిచినా నల్లగానే ఉంటుంది. దౌలత్ బీ కూర్చుంది. కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి ఇచ్చాడు.

"ఒద్దులేప్పా. సవారీ లేసేదాకా నీళ్లు ముట్టను. ఆడ పెట్టు."

చెంబును ఆమె పక్కన బల్ల మీద పెట్టాడు. జైలు నుంచి వచ్చాక ఆమె ఎదురుగా ఇంత దగ్గరగా నిలబడడం ఇదే మొదలు. ఈమె ఒక సందులో వస్తుంటే ఇతను ఇంకో సందులో పోయేవాడు. అంగడికి పోతే ఆమె గొంతు వినబడగానే కొనేది కూడా కొనకుండా వెనక్కి తిరిగేవాడు. ఊరు దాన్ని భయమనుకుంది, మర్యాద అనుకుంది. దౌలత్ బీ ఏమనుకుందో ఈ రోజుదాకా తెలియదు.

"నన్ను జూసి తప్పుకొని పోతాండావని నాకు తెలుసు," అంది ఆమె, అతని మనసు చదివినట్టే. "పోనీలే. కొడుకును పోగొట్టుకున్నదాని మొగం జూడాలంటే ఎవునికైనా కష్టమే. సుంకులమ్మ బాగుండాదా?"

"ఉండాది పెద్దమ్మా."

"పుట్టింటి నించి మళ్లీ వచ్చిందంట గదా. సంతోషం. తాగుబోతోని కాడికి ఏ ఆడది తిరిగొస్తాది? నువ్వు మానినావు గాబట్టి వచ్చింది. నీ మీద దానికి నమ్మకం కుదిరింది."

నమ్మకం అన్న మాట వినగానే ఉరుకుందు తువ్వాలు తీసి మళ్లీ చేతులు తుడుచుకున్నాడు. ఈ మధ్య ఊళ్లో ఎవరు నోరు తెరిచినా అదే మాట. తాగి వచ్చిన కొడుకును తండ్రి కొడితే, ఉరుకుందును చూసి నేర్చుకోరా అని కొట్టేవాడు. వైన్ షాపు ముందు పడిపోయే గోపన్న లాంటివాడు కూడా పడిపోబోయే ముందు ఓసారి లేచి, "నువ్వు మొగోడివప్పా ఉరుకుందూ," అని దండం పెట్టి మరీ పడిపోయేవాడు. తాగడం మానినవాడికి తాగేవాళ్లంత అభిమానులు ఇంకెవరూ ఉండరు.

దౌలత్ బీ ఒళ్లో పెట్టుకుని మూట విప్పింది. లోపల ఆకుపచ్చ దట్టీ. అంచుకు జరీ, అక్కడక్కడ చెమటకు రంగు వెలిసిన మరకలు. విప్పగానే ఊదు వాసన అంగడంతా నిండింది. రబ్బరు, గ్రీజు, డీజిలు వాసనలన్నీ ఒక్క నిమిషం వెనక్కి తగ్గాయి.

"ఇది మా మామది," అంది గుడ్డను నిమురుతూ. "తరువాత నా మొగునిది. ఆయప్ప పోయినాక వానిది. పీరు లేపేటప్పుడు నడుముకు ఇదే కట్టేవాళ్లు. వంతు ఇంకొకరికి పోవాలంటే ఇంటోళ్లు చేత్తో దట్టీ ఇయ్యాల. మేం ఇయ్యకుంటే పీరు లెయ్యదని అల్లా బాషా అంటాడు. పీర్ల చావిడి జూసుకునే ముజావరు గదా, వానికి తెలుస్తాది. నిన్న పెద్దలంతా నా ఇంటికి వచ్చినారు. శానా ఏండ్లకు వచ్చినారులే నా గడపకు. నేను ఇస్తానంటిని."

"నాకు ఎందుకు పెద్దమ్మా," అన్నాడు ఉరుకుందు. "నేను ఎత్తగలిగేవాణ్ణి గాదు. ఇంకెవరన్నా..."

"ఇంకెవరుండారు? నాకు ఇంకో కొడుకు లేడు. కూతురు షాహీనా అత్తగారింట్ల ఉండాది. నువ్వు వాని స్నేహితునివి. చిన్నప్పుడు ఇద్దరూ నా చేతి రొట్టెలు తిని పెరిగినారు. నీకిస్తే వానికిచ్చినట్టే అనుకుంటా."

ఉరుకుందు టైరు మీద కూర్చున్నాడు. చావిడి వైపు నుంచి డప్పులు వినబడుతున్నాయి. అగ్గి మీద కాచి శ్రుతి చూస్తున్నారు. ఇంకాసేపట్లో అతన్ని పిలవడానికి వస్తారు. పొద్దున్నే తలస్నానం చేసి, మెడలో దారం సరిచేసుకుని, మనసు నిలవక మళ్లీ వచ్చి టైరు విప్పుతూ కూర్చున్నాడు. పండుగ పూట పనేమిటని సుంకులమ్మ కోప్పడింది కూడా.

"నీకొక మాట చెప్పాల," అంది దౌలత్ బీ. "మొదట్ల నిన్ను శానా తిట్టుకున్నా. నీ చేతులు పడిపోవాల, నీ ఇల్లు కూలిపోవాల అని తిట్టినా. తరువాత మానుకున్నా. నువ్వు తాగితివి, బండి తోలితివి, జైలుకు పోతివి. నీ లెక్క తీరిపాయ. కానీ వాని మీద నాకు కోపం పోలేదు నాయనా."

"ఎవరి మీద?"

"రబ్బానీ మీద."

ఆమె దట్టీ మడతలు విప్పి మళ్లీ మడిచింది. మడత సరిగానే ఉంది. అయినా విప్పి మళ్లీ మడిచింది.

"మెడల దారమేసుకోని తాగినాడు. తాత ఎత్తిన పీరు, నాయన ఎత్తిన పీరు. దానికన్నా మందే ఎక్కువాయ వానికి. ఊరంతా ఉమ్మేసింది. షాహీనాకు మొదట కుదిరిన సంబంధం పోయింది, నీకు తెల్సు గదా. నేను వాని పేరు మీద ఇంతవరకు ఒక్క ఫాతిహా చదివించలే. గోరీ దావన పోవాల్సొస్తే బావి కాడ చుట్టు తిరిగి పోతా. పక్కింటోళ్లు చచ్చినోళ్లను తలుచుకునే షబేబరాత్ పూట హల్వా తెచ్చిస్తే తీసుకుంటా, నా పొయ్యి మీద మాత్రం వాని కోసరం చక్కెర కరగలే. కన్నతల్లిని, నాకే మనసు రాకపాయ."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఉరుకుందుకు కొంచెం నయంగా ఉండేది.

"నా నోటితో వాని తప్పుకు మాపు అడగలేను. నాకు రాదు. నువ్వు పీరు ఎత్తినాక, భుజాన పెట్టుకోని అడుగు. రబ్బానీ తప్పు జేసినాడు, వాణ్ణి మాపు చెయ్యి సామీ అను. అంత జేస్తే చాలు. అందుకే వచ్చినా."

దట్టీని రెండు చేతులా పట్టుకుని అతని ముందుకు చాపింది.

ఉరుకుందు చేతులు చాపలేదు. అతని కళ్లు ఆ దట్టీని దాటి, దౌలత్ బీని దాటి, రోడ్డుకు అవతల వైన్ షాపు మీదికి పోయాయి. పండుగ పూట మూసినట్టే మూసి, పక్క కిటికీలోంచి అమ్ముతున్నారు. నాలుక మీద నీరూరింది. నిజం చెప్పాలి గదా, ఊరింది. ఇన్నాళ్లూ ఎక్కడికో పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. పది అడుగులు వేసి ఒక్క క్వార్టరు గొంతులో పోసుకుంటే ఈ మాటలేవీ వినబడవు. తాగి పడిపోయినవాడికి పీరు ఎవరిస్తారు? దట్టీ తీసుకోవాల్సిన పని తప్పిపోతుంది. ఊరు ఛీ కొడుతుంది, అంతే గదా. ఛీ కొట్టించుకోవడం తనకు కొత్త కాదు. సుంకులమ్మ మాత్రం ఈసారి పోతే తిరిగి రాదు. అది తెలిసి కూడా మనసు ఆ కిటికీ దగ్గరే తచ్చాడింది.

ప్రతి ఆదివారం పత్తికొండలో ఏసేపు ఇంటి వసారాలో వాళ్లంతా కూర్చుంటారు. జైలు నుంచి వచ్చి మందు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు. ఏసేపు కూడా అక్కడి నుంచి వచ్చినవాడే, ఉరుకుందుకు జైల్లో పక్క చాప. ఎవరికి వాళ్లు తాము చేసింది నోటితో చెప్పాలి, అది అక్కడి పద్ధతి. ఉరుకుందు చెప్పేవాడు. తాగి నడిపినా, నా స్నేహితుణ్ణి చంపినా. మొదట్లో ఏడుస్తూ చెప్పేవాడు. తరువాత తరువాత తడుముకోకుండా చెప్పడం వచ్చింది. కొత్తవాళ్లు విని కళ్లు తుడుచుకునేవాళ్లు. ఒక తప్పును అంత బాగా ఒప్పుకుని, దాని వెనకాల ఇంకో తప్పును దాచిపెట్టాడు మహానుభావుడు. అంత పెద్ద తప్పు ఒప్పుకున్నవాడి దగ్గర ఇంకోటి ఉంటుందని ఎవరనుకుంటారు?

ఏసేపు మాత్రం ఒకసారి అడిగాడు. "ఊరు నిన్ను నమ్మింది, పెండ్లాము నమ్మింది. బాగుండాది. నిన్ను నువ్వు నమ్ముతాండావా ఉరుకుందూ? నీకు తెలిసిన ఉరుకుందును?" నమ్ముతాండా అని గట్టిగా చెప్పాడు ఉరుకుందు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

"పట్టుకో నాయనా, చేతులు నొస్తాండాయి," అంది దౌలత్ బీ.

"రబ్బానీ తాగలే, పెద్దమ్మా."

తానే అన్నాడా ఇంకెవరన్నా అన్నారా అన్నట్టు ఉరుకుందు తలెత్తి చుట్టూ చూశాడు. అంగట్లో వాళ్లిద్దరే ఉన్నారు.

"ఏమంటివి?"

"వాడు తాగలే. ఒక్క చుక్క ముట్టలే. నేనే తాగినా. కర్నూల్లో టమోటాలు దించి వస్తా డాబా కాడ ఆపినా. వాడు మెడల దారం చూపించి, నేను ముట్టను, నువ్వు గూడా ఒద్దురా అన్నాడు. నేను ఇన్లే. వానికి బండి తోలను రాదు. బస్సుకు పోరా నువ్వు అన్నా. పోలే. నిన్ను ఒంటిగా పంపిస్తే నిద్రబోయి యాడన్నా గుద్దుతావు, మాట్లాడతా ఉంటే మేలుకోని ఉంటావు అని ఎక్కి కూచున్నాడు. దావ పొడుగూతా మాట్లాడతానే ఉన్నాడు. షాహీనా పెండ్లి మాటలే. నేనే..."

ఆగిపోయాడు. దౌలత్ బీ చేతులు ఇంకా చాపినవి చాపినట్టే ఉన్నాయి. వాటి మీద దట్టీ.

"మల్ల పోలీసోళ్లకు అట్లెందుకు చెప్తివి?"

"శిక్ష తగ్గుతాదని. ఇద్దరం తాగినామంటే, వాడే బలవంతం జేసినాడంటే, కొంచెం తేలుతాదని."

"అబద్ధమాడినావు."

"ఆడినా."

ఆమె నమ్మాలో వద్దో తెలియనట్టు అతన్ని చూసింది. ముసలి కళ్లు అతని మొహం మీద ఏదో వెతికాయి. కొడుకు తాగలేదన్న మాట ఆమెకు ఎంత కావాల్సిన మాటో ఆలోచించండి. అంత కావాల్సింది చేతికి అందితే ఎవరైనా ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుంటారు.

"లేదు," అంది చివరికి. "నువ్వు నా మనసు నెమ్మది కోసరం చెప్తాండావు. స్నేహితుడు గదా, వాని పేరు కాపాడాలని చూస్తాండావు. శవాన్ని కడిగినోడు అల్లా బాషానే. వాడు పీరు ముందర అబద్ధమాడడు. రబ్బానీ నోట్లో వాసన వచ్చిందని నాతోనే చెప్పినాడు, ఏడ్చుకుంటా చెప్పినాడు. తాగకుంటే నోట్లో వాసన యాడనించి వస్తాది?"

ఇదీ ఉరుకుందు ఇన్నేళ్లుగా తప్పించుకు తిరిగిన సందు. దౌలత్ బీ ఎదురుపడినప్పుడల్లా పక్కకు తిరిగింది ఈ ప్రశ్న కోసమే. ఇప్పుడు కూడా ఆమె తనంతట తానే ఒక దారి చూపిస్తోంది. సరేలే పెద్దమ్మా, నీ మనసు నెమ్మది కోసరమే చెప్పినా, అనేస్తే అయిపోయేది. దట్టీ కట్టుకుని, పీరు ఎత్తి, లేని తప్పుకు చచ్చినవాడి పేరు మీద మాపు అడిగి దిగొచ్చేయవచ్చు. ఊరంతా కాళ్లకు మొక్కేది.

"నేను పోసినా," అన్నాడు.

"ఏంది?"

"బండి బోల్తా పడినాక వాడు బయటికి ఎగిరి పడినాడు. నాకు దెబ్బలు తగల్లే. వాడే బండి తోలినాడని చెప్దామనుకున్నా. అప్పుడు నా బుర్రలకు అదే వచ్చింది పెద్దమ్మా, దేవుని సాక్షిగా అదే వచ్చింది. సీసాల మందు మిగిలుండె. వాని నోట్లో పోసినా. అంగీ మీద పోసినా. వాసన రావాలని." మాటలు ఒకదాని మీద ఒకటి పడి వస్తున్నాయి, ఆపితే మళ్లీ రావన్నట్టు. "అంతలో లారీవోళ్లు వచ్చి నిలబడినారు. నేనే తోలినానని డాబావోళ్లు చెప్పినారు. ఆ అబద్ధం నిలబడలే. వాసన మాత్రం నిలబడిపాయ."

దౌలత్ బీ చేతులు ఒళ్లోకి దిగాయి. దట్టీ నేల మీదికి జారబోతే ఉరుకుందు చప్పున వంగాడు. "ముట్టుకోవద్దు," అంది ఆమె. గట్టిగా అనలేదు. అతను వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. ఆమె తానే తీసుకుని గుండెకు హత్తుకుంది.

ఆమె పెదవులు కదిలాయి. తాగలే, తాగలే అని తనలో తానే అనుకుంటోంది. కొడుకు అప్పుడే పుట్టాడని ఎవరో చెప్పినట్టు ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. చూడలేక ఉరుకుందు తల దించుకున్నాడు. ఇంత చిన్న మాటకు ఇంత వెలుగు ఉంటే, దాన్ని తాను ఇన్నేళ్లు జేబులో పెట్టుకుని తిరిగాడు.

తరువాత ఆ వెలుగు పోయింది. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. ఏదో లెక్క కుదరనట్టు నొసలు ముడిపడింది.

"ఉరుకుందూ."

"ఆఁ."

"నువ్వు పోసేటప్పటికి వాడు పోయినాడా?"

అవును అనాలి. అనడం ఎంత తేలిక. ఎవరూ చూడలేదు, లారీవాళ్లు వచ్చేలోపు జరిగింది. ఈ ఒక్కటి దాస్తే పాపం కూడా కాదు, ముసలిదానికి చేసిన మేలు. ఏ తల్లి వినాలి ఆ మాట? ఏసేపు కూడా, ఇంతదాకా చెప్పినావు చాలులేప్పా, అంటాడేమో.

కానీ అబద్ధం నోటిదాకా వచ్చేసరికి దాని రుచి ఉరుకుందుకు గుర్తొచ్చింది. అచ్చం మొదటి గుక్క రుచే. ఈ ఒక్కటే గదా అనిపించే రుచి. ఇప్పుడు ఇది మింగితే, రోడ్డు దాటి ఆ కిటికీ దగ్గరికి పోవడానికి ఎంతో సేపు పట్టదని అతనికి ఖాయంగా తెలిసిపోయింది. తన గురించి ఇంత ఖాయంగా ఏదైనా తెలియడం చాలా ఏళ్ల తరువాత ఇదే.

"లేదు పెద్దమ్మా," అన్నాడు. "పానముండె."

దౌలత్ బీ దట్టీని ఇంకా దగ్గరికి అదుముకుంది.

"మాట్లాడినాడా?"

"నీళ్లడిగినాడు."

డప్పులు వినబడుతూనే ఉన్నాయి. ట్రాక్టరు ఒకటి ట్రాలీ నిండా పిల్లలతో, ఊదుబత్తీలతో, చక్కెర పొట్లాలతో చావిడి వైపు పోయింది. ట్రాలీలోంచి ఎవరో ఉరుకుందుకు దండం పెట్టారు.

దౌలత్ బీ బల్ల మీది చెంబును చూసింది. నిండుగా ఉంది. అంగడి పందిరి కంతలోంచి ఎండ నీళ్ల మీద పడి కదులుతోంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. తిడుతుందేమో, చెంబెత్తి మొహాన కొడుతుందేమో అని ఉరుకుందు కాచుకున్నాడు. కొట్టాలని కోరుకున్నాడు కూడా.

అప్పుడే అల్లా బాషా వచ్చాడు. తెల్ల గడ్డం, నెత్తికి ఆకుపచ్చ రుమాలు, చేతిలో నెమలీకల కట్ట. వెనకాల ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు.

"ఏమప్పా ఉరుకుందూ, పండగ పూట టైర్ల మీద కూచున్నావేంది? జనమంతా నీ కోసరమే కాచుకోని ఉండారు. దౌలతక్కా, దట్టీ ఇచ్చినావా లేదా?"

ఉరుకుందు టైరు మీంచి లేచి నిలబడ్డాడు. ఇప్పుడు చెబుతుంది. ఇక్కడే, ఈ రోడ్డు మీదే చెబుతుంది. చెప్పనీ.

దౌలత్ బీ లేచి నిలబడింది. మోకాళ్లు పట్టేసి ఒక చేయి బల్లకు ఆనించింది.

"ఇస్తాండా," అంది. "చేతులెత్తు ఉరుకుందూ."

అతను ఎత్తాడు. ఆమె దట్టీని అతని నడుము చుట్టూ తిప్పి ముడేసింది. చిన్నపిల్లవాడికి పంచె కట్టినట్టు గట్టిగా బిగించి ముడేసింది. ముడి వేయడానికి వంగినప్పుడు, వాళ్లెవరికీ వినబడకుండా, అతనికి మాత్రమే వినబడేట్టు అంది:

"నేను ఎవరికీ ఏమీ చెప్పను. చెప్తే నువ్వు చెప్పాల. పీరు భుజాన ఉండంగా చెప్పాల, దించినాక గాదు. చెప్పకుంటే నువ్వు ఈ ఊరికి ఇట్లే మంచోడిగా ఉండు. నా బిడ్డ తాగలేదని నాకు తెలిసిపాయ. నాకు అంతే కావాల."

తరువాత నీళ్ల చెంబు చేతిలోకి తీసుకుంది.

"ఈ చెంబు మల్ల పంపిస్తాలే," అని అందరికీ వినబడేట్టు చెప్పి, రోడ్డు దాటింది.

ఉరుకుందు నడిచాడు. ఎలా నడిచాడో అతనికే తెలియదు. వైన్ షాపు కిటికీ ముందు నుంచే పోవాలి చావిడికి. కిటికీ దగ్గర ఉన్నవాళ్లు అతన్ని చూసి చేతిలోవి వెనక్కి దాచుకున్నారు. నడుముకు దట్టీ బిగుసుకుని ఊపిరి తీసుకున్నప్పుడల్లా తెలుస్తోంది. సుంకులమ్మ చావిడి గట్టు పక్కన, ఆడవాళ్లలో ముందు వరసలో నిలబడింది, కొత్త చీర కట్టుకుని. అతన్ని చూసి నవ్వింది. పెళ్లి రోజు కూడా అంత నిండుగా నవ్వలేదు. ఉరుకుందు ఆ నవ్వును ఇంకొక్కసారి చూసుకుని ముందుకు కదిలాడు. రేపు అది ఉంటుందో లేదో.

గుండంలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. అల్లా బాషా ఊదు వేసి, ఫాతిహా చదివి, పెద్ద పీరును రెండు చేతులా తెచ్చి ఉరుకుందు భుజాన పెట్టాడు. అనుకున్నదానికన్నా చాలా బరువుంది. వెండి తల, కింద పొరలు పొరలుగా మొక్కుబడి గుడ్డలు. రబ్బానీ దీన్ని ఎత్తుకుని ఊరంతా తిరిగి వచ్చి, బరువేం లేదురా, అనేవాడు.

గట్టు ఎక్కి నిలబడ్డాడు. పీరు ఎత్తినవాడే మొదటి కేక వేయాలి. అప్పటిదాకా సన్నగా మోగే డప్పులు ఆ కేకతోనే ఊపందుకుంటాయి. జనం నోళ్లు తెరుచుకుని సిద్ధంగా ఉన్నారు, ఆ కేకను అందుకోవడానికి. ఇంత ఎత్తు నుంచి అందరి తలలూ కనబడుతున్నాయి. దౌలత్ బీ కోసం వెతికాడు. ఆడవాళ్లలో లేదు. అరుగుల మీద లేదు.

తలల మీదుగా దూరంగా చూస్తే కనబడింది. బావి కాడ చుట్టు తిరిగే దారి వదిలేసి, తిన్నగా గోరీల దావన పోతోంది. ఒక్కతే. రెండు చేతులా చెంబు పట్టుకుని, నీళ్లు తొణకకుండా నిదానంగా నడుస్తోంది.

"కేక వెయ్యప్పా," అన్నాడు అల్లా బాషా వెనక నుంచి మెల్లగా.

ఉరుకుందు నోరు తెరిచాడు. భుజాన పీరు ఒకసారి ఊగింది, చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"బాషా మామా," అన్నాడు, "డప్పులు ఆపమను."